సుతి బడికి సర్కారు గ్రాంటు

మంగలి మొండయ్యకు దేవుడు ఊపిరిచ్చిండు, తాత సన్నాయిచ్చిండు, ఊరు కత్తిచ్చింది. ఈ మూడింటితోటి యాభై రెండేండ్లు ఎట్లనో ఒకట్ల బతికిండు. పందొమ్మిది వందల అరవై రెండుల సర్కారు ఒక కాయితం ఇచ్చింది. ఊళ్ళె అందరి తలలు గొరిగిన మొండయ్య బతుకును ఆ కాయితం ఎనిమిది నెలల్ల నున్నగ గొరిగింది.

పెద్దపల్లి తాలూకాల ఎలుకలబండ ఆయన ఊరు. ఎలుకలకు కరువు లేదు, బండలకు కరువు లేదు, మిగిలిన అన్నిటికీ ఉన్నది. పెండ్లికి సన్నాయి, సావుకు సన్నాయి, ఆ రెండింటికి నడుమ వారం వారం గడ్డం. పంటల మీద ఇంటింటికి ఇన్ని వడ్లు. "మంగలి లేనిది మంగళం లేదు" అని పొగిడేటోళ్ళు వడ్లు కొలిచేటప్పుడు మంగళం పాడేటోళ్ళు.

మొండయ్య పేరే మొండి గాదు, మనిషి అంతకన్న మొండి. ఆయన మొండితనమంత ఒక్క కాడ ఉండేది: సుతి.

సన్నాయి మేళంల రెండు సన్నాయిలుంటయి. ఒకటి పాట పాడ్తది. రెండోదానికి బొక్కలన్నీ మైనం పెట్టి మూస్తరు; అది ఒక్కటే స్వరం పట్టుకొని, పాట షురువైన కాంచి ఒడిసేదాక తెగకుండ మోగుతది. అదే సుతి. సుతి పట్టేటోడు ముక్కుతోటి గాలి గుంజుకుంటనే, బుగ్గల దాసుకున్న గాలిని నోటితోటి ఊదాలె. ఊదేటోడు ఊపిరి తీసుకున్నట్టు సన్నాయికి తెల్వొద్దు. మొండయ్య తాతల నాటి కాయిదా ఏందంటే, మూడేండ్లు సుతి పట్టినోని చేతికే పాట సన్నాయి ఇయ్యాలె. అప్పటిదాక శిష్యుడు గురువు ఎనుక నిలబడి, బుగ్గలు సుతికి, చెవులు పాటకు అప్పజెప్పాలె.

మొదటి ఆరు నెలలైతే సుతి సుత చేతికి రాదు. చెంబెడు నీళ్ళు, ఒక ఆముదపాకు కాడ. బోలుగ ఉండే ఆ కాడను నీళ్ళల్ల ముంచి బుడగలు తెగకుండ ఊదాలె. బుడగ తెగిందా, చెవు తెగినంత పని. "బుడుగులకు బుడగల చదువు చెప్తుండు మొండయ్య" అని ఊరు నవ్వేది.

ఆ నవ్వులన్నీ ఓర్చుకొని మిగిలిన శిష్యుడు ఒక్కడే, అక్క కమలవ్వ కొడుకు కైలాసం. ఇరవై ఒక్క ఏండ్ల పోరడు. సుతి పట్టబట్టి రెండేండ్లు దాటింది. తండ్రి లేడు. తల్లి కూలికి పోయి సాకుతున్నది. ఆమెకు తమ్ముడంటే పాణం, కాని పాణం ఉడకేస్తే అన్నం కాదు గద. "బెల్లంపల్లి బొగ్గుబాయిల పని ఉన్నదట. పిలగాడు నెలకు నాలుగు పైసలు తెస్తడు. నీ గాలి చదువుతోటి గాలే గద తమ్మీ వచ్చేది" అని మాటిమాటికి అంటది.

పైంగ మొండయ్యకు దమ్ము రోగం మొదలైంది. పెద్దపల్లి దవాఖానల డాక్టరు ఈపు మీద గొట్టం పెట్టి విని, "ఊదుడు బంద్ చెయ్యి, లేకపోతే ఊపిరి బంద్ అయితది" అన్నడు. వాయిద్యానికి వాయువు కావాలె, వాయువుంటే ఆయువు కరుగుతది. ఈ లెక్కల మొండయ్యకు కనిపించింది ఒక్కటే. తను పోయేలోపు తనకొచ్చిన పాటలన్నీ కైలాసానికి రావాలె. కైలాసం బొగ్గుబాయిల దిగితే పాటలు సుత వాని ఎంబడే భూమిలకు దిగుతయి.

గా దినాలల్లనే పంచాయతి సమితి దఫ్తర్ల గుమాస్తా లింగమూర్తి సైకిల్ మీద వచ్చిండు. గడ్డం గీయించుకుంట, సబ్బు నురుగులకెల్లి మాట్లాడిండు.

"మొండన్నా, సంగీతం నేర్పే బడులకు సర్కారు గ్రాంటు ఇస్తదట. పంతులుకు నెలకు డెబ్బై అయిదు, పోరలకు తలా పదిహేను. అయిదుగురు శిష్యులుంటె చాలు."

"గ్రాంటంటె ఏంది లింగన్నా?"

"తిరిగి అడుగని అప్పు."

"గసొంటిది లోకంల ఉన్నదా?"

"సర్కారు లోకంల ఉన్నది. దరఖాస్తు పెట్టినోనికి దక్కుతది, పెట్టనోనికి దుక్కమే దక్కుతది."

మొండయ్య కత్తి ఆగింది. డెబ్బై అయిదు ఆయన చెవులకు పోలే. పదిహేను పోయింది. కైలాసానికి నెలకు పదిహేను! గా మాట చెప్తే అక్క ఆగుతది. ఇంకొక్క ఏడు ఆగితే చాలు.

ఫారం నింపిండ్రు. "విద్యార్హత" అన్న కాడ లింగమూర్తి ఆగి, "ఏం రాయాలె?" అన్నడు. "తాత" అని రాయమన్నడు మొండయ్య. నలుగురు శిష్యులు తక్కువైతే చుట్టుపక్కల ఊర్లల్ల చుట్టాల పోరలను "పదిహేను రూపాయలు" అని పిలిచిండు. పాటకు రానోళ్ళు పైసకు ఉరికొచ్చిండ్రు. నలుగురికీ నాలుగు చెంబులు, నాలుగు ఆముదపు కాడలు. కమలవ్వ సుత మెత్తబడ్డది. "పదిహేను వస్తే ఉంచుత. రాకపోతే పంపుత. ఇగ నన్ను మల్ల అడుగకు" అన్నది.

ఇన్‌స్పెక్టరు గారు వైశాఖంల వచ్చిండు, జీపుల. కోస్తా మనిషి. చెడ్డోడు గాదు, సంగీతం తెలిసినోడే. కాని పొద్దటి నుంచి మూడు బడులు చూసి వచ్చిండు, ముందట ఇంక రెండున్నయి, నెత్తి మీద ఎండ, నెత్తిల నొప్పి. చావడిల కుర్చీ ఏసి కూసోపెట్టిండ్రు.

"కానివ్వండి. పిల్లలకు ఏం నేర్పారో వినిపించండి" అన్నడు.

మొండయ్య ముందుగాల నలుగురు కొత్తోళ్ళను నిలబెట్టిండు. మీసాలొచ్చిన నలుగురు మొగోళ్ళు చెంబులు ముందట పెట్టుకొని గుడగుడ బుడగలు ఊదిండ్రు. ఇన్‌స్పెక్టరు గారు కండ్లద్దాలు తీసి తుడుచుకొని మల్ల పెట్టుకున్నడు. బుడగలే. ఆయన పొరపాటు పడలే.

"ఇప్పుడు చూడుండ్రి సార్" అన్నడు మొండయ్య, ఛాతి ఉబ్బించి. "కైలాసం, పట్టు."

కైలాసం సుతి అందుకున్నడు. స్వరం లేచింది. నూనె ధార తీరు, ఒణుకు లేదు, బెణుకు లేదు. ఇన్‌స్పెక్టరు గారు కండ్లు మూసి, తొడ మీద తాళానికి చెయ్యి సిద్ధం చేసుకున్నడు. పాట కోసం చూస్తుండు. నిమిషమైంది. అయిదు నిమిషాలైంది. ఒక కన్ను తెరిచిండు. చాయ్ వచ్చింది. చాయ్ అయిపోయింది. సుతి అయిపోలే. కైలాసం ముక్కు మీద ఈగ వాలింది. ఈగ ముక్కు చివరి దాక నడిచింది, చేతులు రుద్దుకున్నది, లేచిపోయింది. సుతి కదల్లే.

మొండయ్య కండ్లల్ల నీళ్ళు. తన తండ్రి సుత గిట్ల పట్టలే. తాను పట్టలే. నలభై ఏండ్లల్ల ఇసొంటి ఊపిరి ఆయన చూడలే. సర్కారు సరిగ్గా సమయానికొచ్చి చూస్తున్నదని సంబురపడ్డడు.

ఎనుక నిలబడ్డ లింగమూర్తి చేతులు ఊపుతుండు. నువ్వు పాట అందుకో, నువ్వు అందుకో అని ఆయన సైగ. వహ్వా అంటుండనుకొని మొండయ్య తల ఊపిండు. లింగమూర్తి నెత్తి కొట్టుకున్నడు. దోమేమో అనుకున్నడు మొండయ్య.

పావుగంట దాటినంక ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసిండు. "ఇంతకీ పాట ఎప్పుడు మొదలుపెడతాడండీ?"

"పాట మూడేండ్లు నిండినంక, సార్."

"మరి ఇప్పటిదాకా నేర్చుకున్నదేమిటి?"

"ఊపిరి, సార్. ఊపిరి వచ్చింది. ఊపిరొచ్చినంక అన్నీ వస్తయి."

"ఊపిరి పుట్టుకతోనే వస్తుంది కదయ్యా" అని నవ్విండు ఆయన. నవ్వుల విషం లేదు, అలుపున్నది. "సరే, మీరైనా ఒకటి వాయించండి."

గిక్కడనే మొండయ్యల మొండి లేచింది. శిష్యుని పరీక్షల గురువు వాయిస్తే శిష్యుని మీద నమ్మకం లేనట్టు. ఆయన మేళంల అంతకన్న పెద్ద అవమానం లేదు. చేతులు కట్టుకొని, మర్యాదగనే అన్నడు.

"పరీక్ష పోరనికా సార్, నాకా?"

ఇన్‌స్పెక్టరు గారు కాయితం మీద ఏదో రాసుకొని, అందరికీ దండం పెట్టి జీపెక్కిండు. గ్రాంటు వచ్చినట్టేనన్న సంబురంల మొండయ్య ఆ పూట ఊరందరికీ, వారం కాకున్నా, ఉత్తగ గడ్డాలు గీసిండు.

శ్రావణంల జవాబు వచ్చింది. లింగమూర్తి చదివి వినిపించిండు. రెండు సార్లు గొంతు సవరించుకున్నడు, ఊరికెనే.

"విద్యార్థులకు ఒక్క స్వరము తప్ప రాదు. నలుగురు విద్యార్థులు నీటిలో బుడగలు ఊదుచున్నారు. అధ్యాపకుడు వాయించుటకు నిరాకరించెను. బోధనా పద్ధతి కానరాదు. కావున గ్రాంటు మంజూరు చేయుటకు వీలుపడదు."

"బుడగలు సుత రాసిండా?" అన్నడు మొండయ్య.

"రాసిండు."

"ఎన్ని నిమిషాలు తెగకుండ పట్టిండో, గది రాయలే?"

"గది రాసుకునే గడి ఫారంల లేదన్నా."

మొండయ్య పెండ్లాం లస్మవ్వ అరుగు మీద కూసోని బియ్యం చెరుగుతున్నది. మొగని దిక్కు చూడకుంటనే అన్నది, "ఒక్క పాట ఊదితే ఏం పోతుండె? నీ మొండితనానికే మొగడని పేరు పెట్టుకొని బతుకుతున్న, గంతే." నలుగురు కొత్తోళ్ళు ఆ దినమే చెంబులు పారేసి పోయిండ్రు. చెంబులు సుత మనయే గద అని లస్మవ్వ ఏరుకొచ్చింది.

కైలాసం పొద్దుగూకే యాళ్ళకు వచ్చిండు. "మామా, ఇగ నేను పోత. అవ్వ ముందే చెప్పింది గద, మాట తప్పదు. బాయిల మల్ల నెల రెండో తారీకు రమ్మన్నరు."

"ఎన్ని దినాలున్నయి?"

"ఇరవై."

మొండయ్య శానసేపు ముక్కుతోటి గాలి పీలిస్తె పీలిస్తె గింత దొరికింది. లోపలికి పోయి సంచిల నుంచి పాట సన్నాయి తెచ్చి కైలాసం చేతుల పెట్టిండు. మూడేండ్లు నిండలే. తాతల కాయిదాను ఆ పూట చేజేతుల తెంపిండు.

కైలాసం ఉరికిండు, పాటల ఎంబడి. రెండేండ్లు చెవుల నానినయి. ఊపిరి సిద్ధంగ ఉన్నది. ఏ వేలు ఏ బొక్క మీద పెట్టాల్నో తెలిస్తే చాలు. పదిహేను దినాలల్ల పెండ్లి పాటలు పదకొండు పట్టిండు. తలుపు కాడిది, తలంబ్రాలది, బువ్వ కాడిది, అప్పగింతలది. ఊపిరొస్తే అన్నీ వస్తయన్న మాట ఇంటి ముందటనే నిజమైంది. వినెటందుకు జీపులేమీ రాలే.

ఇంకొక్క పాట మిగిలింది. సాగదోలుడు పాట.

సచ్చినోళ్ళను ఇంటి నుంచి కాడు దాక సాగదోలే పాట. దానికి రెండు నడకలు. ఇంటి నుంచి దింపుడు కల్లం దాక ఒక నడక. అక్కడ పాడె దించి, సచ్చినోళ్ళ చెవుల మూడు సార్లు పేరు పెట్టి పిలుస్తరు, లేస్తరేమోనని. లేవరు. అక్కడి నుంచి కాష్టం దాక పాట ఇంకో తీరు తిరుగుతది. పీనుగ ముందట లేకుండ ఆ పాట ఊదరాదు. ఇంట్ల కూనిరాగం సుత తీయరాదు. పీనుగ ముందట గురువు ఊదుతుంటె, ఎనుక నడుచుకుంట నేర్చుకునుడే. అన్నిటి కన్న పెద్ద పాట అదే. అందరికీ అక్కరొచ్చే పాట సుత అదే.

అంటే ఎవలన్న సావాలె. అయిదు దినాలల్ల.

మొండయ్య కత్తి సంచి పట్టుకొని ఊరంత తిరిగిండు. ఎవలి ఇంట్ల దగ్గు వినబడితే ఆ ఇంటి ముందట ఆగుతుండు. "నిమ్మలమేనా?" అని అడుగుతుండు. "నిమ్మలమే" అంటె మొకం చిన్నబోతుండు. గా ఏడు కలరా లేదు, మశూచి లేదు. ఊరంత గుండ్రాయి తీరు ఉన్నది. ఛీ, ఏం బతుకు నాది అని తనను తనే తిట్టుకొని, మల్ల ఇంకో ఇంటికి పోతుండు.

మంచాన పడ్డది ఒక్క పోశవ్వ, హనుమండ్ల పటేలు తల్లి. ఎనభై దాటింది. మొండయ్య రోజు పోయి గడప కాడ కూసున్నడు.

"ఎట్లున్నది పెద్దవ్వా?"

"పోలేర మొండిగా, ఇంకా పోలే" అన్నది ముసలమ్మ. నోట్ల పండ్లు లేవు గని మాటకు కోరలున్నయి. "మూడొద్దుల కాంచి చూస్తున్న, కాకి తీరు గడప మీదనే ఉంటున్నవ్. గడ్డం నాకు రాలేగద?"

"ఊకెనే అచ్చిన అవ్వా, చూసిపోదామని."

"చూడు చూడు. నాకు దమ్మున్నది. నీకే లేదట, దవాఖానోళ్ళు చెప్పిండ్రట గద! ఎవలు ఎవలిని సాగదోల్తరో చూద్దాం" అని నవ్వి, నవ్విన నవ్వు దగ్గై, దగ్గి దగ్గి, మల్ల నవ్వింది.

మొండయ్య సుత నవ్విండు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు, ఆ దగ్గును తను ఎంత ఆశతోటి విన్నడో యాదికొచ్చి, తొవ్వ పక్కకు తిరిగి ఉమ్మిండు.

ఇరవయ్యో దినం వచ్చింది. ఎవలూ సావలే.

పొద్దెక్కినంక మొండయ్య లేచి, రెండు సన్నాయిలు గుడ్డల చుట్టి, "నడువు" అన్నడు కైలాసంతోటి. ఊరికి పడమటి దిక్కు ఉన్న పెద్ద బండ ఎనుకకు తీసుకపోయిండు. ఊరంత కలుపులకు పోయింది. బండ అడ్డమున్నది. సప్పుడు దాటదు అనుకున్నడు. గాలి తోటి నలభై ఏండ్లు బతికినోడు, గాలి పడమటి నుంచి కొడుతున్నదని చూసుకోలే.

"మామా, పీనుగ లేకుండ..."

"నేనున్న గద. నన్నే అనుకో."

కైలాసం కండ్లు తిప్పుకొని సన్నాయి పీక నోట్ల పెట్టుకున్నడు. మొండయ్య తనే సుతి పట్టిండు. దమ్ము ఆగుత లేదు, తెగుతున్నది, మల్ల పడుతున్నది. నోట్లకెల్లి సుతి తీసి కైలాసం వేళ్ళు సవరించి, మల్ల పట్టుడు. నాలుగోసారికి మొదటి నడక కుదిరింది. ఇంటి నుంచి దింపుడు కల్లం దాక, ఒక్క అడుగు తప్పలే. తన తాత ఊదినట్టే. మొండయ్య సుతి దించి, రెండో నడక చెప్తందుకు నోరు తెరిచిండు.

ఊళ్ళె ఆడోళ్ళ ఏడుపు వినబడ్డది.

ముందుగాల ఒక ఇంట్ల, తర్వాత వాడకట్టంత. ఆ పాట వింటె ఎవలో పోయినట్టే గద. ఎవలింట్లనో తెల్వక, ఎవలిండ్లల్ల వాళ్ళే ఏడుస్తున్నరు. పొలాలల్లకెల్లి కొడవండ్లు పట్టుకొనే జనం ఉరికొచ్చిండ్రు. ముందట హనుమండ్లు, మోకాళ్ళ దాక బురద.

"ఎవలు? ఎవలు పోయిండ్రు మొండయ్యా?"

"ఎవలు పోలే, పటేలా. పోరనికి నేర్పుతున్న."

కొద్దిసేపు ఎవలికీ సమజు కాలే. సమజైనంక ఒక ముసలాయన దుమ్ము తీసి మొండయ్య మీద చల్లిండు. పీనుగ లేకుండ పీనుగ పాటనా? ఊరిని పిలుస్తున్నవురా కాటికి? కైలాసం ముందటికొచ్చి, తప్పు నాది అన్నడు; ఎవలూ వినలే. హనుమండ్లు తిట్టలే. కొడవలి నడుముకు చెక్కుకొని అన్నడు, "ఇంటికి నడువు. మా అవ్వ ఒక్కతే ఉన్నది ఇంట్ల."

తెల్లారి పొద్దటి రైలు బండికి కైలాసం బెల్లంపల్లి పోయిండు. మొండయ్య సన్నాయి ఇయ్యబోతే తీసుకోలే. "బాయిల ఎవలు వింటరు మామా" అన్నడు. పెట్టెల జనం కిక్కిరిసి ఉన్నరు. కిటికీల నుంచి ఆయన చెయ్యే కనబడ్డది, మొకం కనబడలే.

మూడో దినం పొద్దుగాల లస్మవ్వ బయటికెల్లి ఉరికొచ్చింది. "పోశవ్వ పోయింది."

ఆ దినం పాట వినంగనే, ఎవలు పోయిండ్రని మంచంల నుంచి అడిగిందట. కోడండ్లు వాకిట్లకు ఉరికినంక జవాబు చెప్పేటోళ్ళు లేరు. తనే చెప్పుకున్నదట: "మొండిగాడు నాకే ఊదుతుండు." అప్పటి సంది గంజి ముట్టలే, నీళ్ళు ముట్టలే. ఎంత చెప్పినా వినలే. సాగదోలినంక తింటరా ఎవలన్న, అన్నదట.

మొండయ్య సన్నాయి తీసుకొని పోయిండు. పోకుండ ఎట్లుంటడు? నలభై ఏండ్లల్ల ఆ ఊళ్ళె ఏ పీనుగా ఆయన సన్నాయి లేకుండ లేవలే. హనుమండ్లు గడప కాడనే ఆపిండు. కండ్లు ఎర్రగున్నయి, గొంతు మాత్రం మెల్లగున్నది.

"కత్తికి పిలుస్త. దీనికి గాదు."

పోశవ్వ ఉత్త డప్పు మీద పోయింది. మొండయ్య తొవ్వ పక్కన నిలబడి చూసిండు. దింపుడు కల్లం కాడ పాడె దించిండ్రు. హనుమండ్లు తల్లి చెవుల "అవ్వా" అని మూడుసార్లు పిలిచిండు. పిలుపు, పిలుపుకు నడుమ సన్నాయి ఉండాల్సిన కాడ ఏమీ లేదు. ఆ ఏమీ లేనిది మొండయ్య బుగ్గలల్ల నిండి, బయటికి పోను తొవ్వ లేక, దగ్గయింది.

పదో దినం వాగొడ్డున కొడుకుల తలలు గొరిగేది ఉన్నది. పిలుపొచ్చింది. కత్తి నూరుకొని పోయిండు. హనుమండ్లు బండ మీద మోకాళ్ళు ముడుచుకొని కూసున్నడు. మొండయ్య నీళ్ళు చల్లి, నడినెత్తి నుంచి షురువు చేసిండు. సగం తల అయినంక హనుమండ్లు పిలిచిండు.

"మొండయ్యా."

"ఆఁ, పటేలా."

"గా దినం బండ ఎనుక ఊదిండ్రు గద. మా అవ్వ విన్నది. గది పూర్తిదేనా?"

మొండయ్య కత్తిని అరచేతి మీద తుడిచిండు. "దింపుడు కల్లం దాకనే."

"అవుతలిది?"

"అవుతలిది పోరనికి చెప్పలే. మీరచ్చిండ్రు గద."

హనుమండ్లు వాగు దిక్కు చూస్తుండు. "నీకొచ్చు గద."

"వచ్చు. దమ్ము రాదు."

"మరి మొదటిది ఒచ్చినోడు?"

"బొగ్గుబాయిలున్నడు."

హనుమండ్లు ఇంకేదో అడుగుతందుకు మెడ తిప్పబోయిండు. మొండయ్య రెండు వేళ్ళతోటి ఆ తలను మెల్లగ ముందటికి వంచిండు.

"కదలకు పటేలా, తెగుతది. ఎనుక ఇంకింత ఉన్నది."